వంటగదికి చేరని సిగ్నల్

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల కార్యక్రమ పత్రంలో నా పేరు పక్కన ‘ఇంట్లో వైఫై నెమ్మదిగా వస్తుంటే ఏం చేయాలి’ అని అచ్చయింది. పొద్దున గృహహింస చట్టం, సాయంత్రం ఇంటిపని కార్మికుల వేతనాలు. ఈ రెంటి మధ్య ఇదేమిటని ముగ్గురు నలుగురు నన్ను అడిగారు. “ఇవన్నీ మగపిల్లలు చూసుకునే సంగతులు కదమ్మా, మనకెందుకు?” అని ఒక పెద్దావిడ అన్నారు. ఆమె మాటతోనే మొదలుపెడతాను. ఇంట్లోకి కరెంటు వచ్చినప్పుడు ఫ్యూజు వెయ్యడం మగవాళ్ళ పని అన్నారు. మోటారు వచ్చినప్పుడు దాన్ని బాగుచేయించడం వాళ్ళ పని అన్నారు. ఆ నీళ్ళతో, ఆ కరెంటుతో పొద్దున లేచిన దగ్గర్నుంచి పని చేసేది మనం. అది ఆగిపోతే ఎవరైనా మగమనిషి ఇంటికొచ్చేదాకా కాచుకుని కూర్చునేదీ మనమే. ఇప్పుడు ఆ వరసలోకి దీపాలు మిణుకుమిణుకుమనే ఒక డబ్బా వచ్చి చేరింది.

కొన్ని అంకెలు చెప్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో జీవితంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగారు. దేశం మొత్తం మీద మగవాళ్ళలో 57.1 శాతం, ఆడవాళ్ళలో 33.3 శాతం వాడామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ళు 48.8 శాతం, ఆడవాళ్ళు 21 శాతం. తెలంగాణలో మగవాళ్ళు 57.4, ఆడవాళ్ళు 26.5. హైదరాబాదును చూసి గర్వపడే మనం ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. ఆ సర్వే తర్వాత ఇళ్ళలోకి ఫోన్లూ నెట్టూ చాలానే వచ్చాయి. కానీ సర్వే ఎప్పుడూ గడప దగ్గరే ఆగిపోతుంది. నెట్టు ఉన్న ఇంట్లో ఏ గదిలో వస్తుంది, ఏ గదిలో రాదు, ఎవరు కూర్చునే చోట రాదు అని ఎవరూ అడగరు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ గడప లోపలి సంగతి.

మన సంఘాల్లో ఉన్నవాళ్ళనే తీసుకుందాం. అంగన్‌వాడీ టీచరు 2021 నుంచి పోషణ్ ట్రాకర్‌లో పిల్లల బరువులూ ఎత్తులూ ఎక్కించాలి. కేంద్రంలో సిగ్నల్ లేకపోతే ఇంటికొచ్చి, వంట చేసుకుంటూ ఎక్కిస్తుంది. డ్వాక్రా సంఘాల లెక్కలు చూసే అమ్మాయిదీ అదే పరిస్థితి. జాకెట్లు కుట్టే అక్క డిజైన్లు వాట్సాప్‌లో పంపాలి. 2020లో బడులు మూసినప్పుడు ఆడపిల్లలు ఏ మూల కూర్చుని పాఠాలు విన్నారో మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసే కోడలు ఆఫీసు మీటింగు పెట్టుకునేది హాల్లో కాదు. హాల్లో మామగారు టీవీ చూస్తుంటారు, చుట్టాలు వస్తుంటారు. ఆమె వెనక గదిలో తలుపు వేసుకుని కూర్చుంటుంది. వీళ్ళందరూ పని చేసేది వంటగదిలో, వెనక గదిలో, మేడ మీద. మరి ఆ డబ్బా ఎక్కడుంటుంది? హాల్లో, టీవీ వెనకాల.

అక్కడ ఎందుకుంది? ఎవరైనా ఆలోచించి పెట్టారా? లేదు. లైను వేయడానికి వచ్చిన అబ్బాయికి వీధివైపు కిటికీ దగ్గర. వైరు తక్కువ పడుతుంది, పని పది నిమిషాల్లో అయిపోతుంది. “ఎక్కడ పెట్టమంటారు సార్?” అని అతను అడిగేది ఇంటాయన్ని. “టీవీ దగ్గర పెట్టేయ్” అంటాడాయన. ఆ ఒక్క మాటతో ఇంట్లో ఎవరికి నెట్టు బాగా రావాలి, ఎవరికి రాకూడదు అనేది అయిదారేళ్ళకు తేలిపోతుంది. ఎవరూ కుట్ర చెయ్యలేదు. అలవాటు చేసిన పని ఇది. ఇంట్లో మనకు జరిగే అన్యాయాల్లో చాలావాటిని అలవాటే చేస్తుంది కదా.

ఇక అసలు విషయానికి వస్తాను. ‘నెట్టు స్లో’ అని మనం అనే మాటలో రెండు వేరువేరు సంగతులు కలిసి ఉన్నాయి. ఒకటి, వీధి నుంచి ఇంట్లోకి వచ్చే లైను. ఇది కంపెనీది. రెండోది, ఆ డబ్బా నుంచి మన చేతిలోని ఫోన్ దాకా గాల్లో నడిచే దూరం. ఇది మన ఇంటిది. కంపెనీ ఫోన్ చేసి “పెద్ద ప్లాన్ తీసుకోండి మేడమ్” అన్నప్పుడు మొదటిది పెంచుతామంటోంది. జబ్బు రెండోదాంట్లో ఉంటే, నెలకు మూడు నాలుగు వందలు ఎక్కువ కట్టినా వంటగదిలో ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఏది జబ్బో తేల్చుకోవడం కష్టం కాదు. ఫోన్లో స్పీడు కొలిచే యాప్ ఏదైనా తీసుకోండి. రూటర్‌కి రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి కొలవండి. తర్వాత మీరు నిజంగా పనిచేసుకునే చోటికి వెళ్ళి అక్కడ కొలవండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకి మీ ప్లాన్ 50 ఎంబీపీఎస్ అనుకుందాం. రూటర్ పక్కన 45 వచ్చి వంటగదిలో 4 వస్తే కంపెనీని తిట్టి లాభం లేదు, జబ్బు ఇంట్లో ఉంది. రూటర్ పక్కనే 6 వస్తుంటే అప్పుడు లైను సంగతి చూడాలి. లాప్‌టాప్ ఉంటే దాన్ని వైరుతో రూటర్‌కి కలిపి కొలిస్తే ఇంకా ఖాయంగా తెలుస్తుంది. గాలి సంగతి పక్కకు పోతుంది కనుక, లైనులో ఎంత వస్తోందో అంతే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. కంపెనీ చెప్పే ఎంబీపీఎస్‌లో ‘బీ’ అంటే బిట్. మన సినిమాలు, ఫోటోలు కొలిచే ఎంబీలో ‘బీ’ అంటే బైట్. ఎనిమిది బిట్‌లు ఒక బైట్. కాబట్టి 50 అని అమ్మిన లైనులో సెకనుకు ఆరు ఎంబీలకు కాస్త పైన మాత్రమే దిగుతుంది. ఇందులో మోసం లేదు కానీ, చెప్పకుండా అమ్మే అలవాటు ఉంది. ఇంకో సంగతి. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో సెకనుకు 256 కిలోబిట్‌లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చన్నారు. 2023 జనవరిలో ఆ కనీసాన్ని 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. ఇప్పటి అవసరాలకు ఇదీ చిన్నదే, కానీ ఫిర్యాదు రాసేటప్పుడు చేతిలో ఉండాల్సిన అంకె.

గాల్లో ఏం జరుగుతుందో చూద్దాం. వైఫై అంటే రేడియో తరంగాలే. మన ఇళ్ళలో అది ముఖ్యంగా రెండు పట్టీల మీద నడుస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని మన ప్రభుత్వం మొదటిదాన్ని 2005లో విడుదల చేసింది. రెండోదాన్ని విస్తారంగా తెరిచింది 2018లో. ఇవి ఊరుమ్మడి బంజరులాంటివి, ఎవరి సొంతమూ కావు, అందరికీ చోటుంది. 2.4 దూరం పోతుంది, గోడల్ని కొంత తట్టుకుంటుంది, కానీ వేగం తక్కువ, రద్దీ ఎక్కువ. 5 వేగంగా పోతుంది, కానీ ఒక గోడ దాటేసరికి నీరసిస్తుంది. రెండు గోడలు దాటితే చాలా ఇళ్ళలో అది ఉన్నా లేనట్టే. మీ ఫోన్లో ఒకే ఇంటి పేరుతో రెండు పేర్లు, చివర ‘5జీ’ అని ఒకటి కనిపిస్తే అది ఇదే. సెల్ కంపెనీల 5జీకి దీనికి సంబంధం లేదు. రూటర్ ఉన్న గదిలో దాన్ని పట్టుకోండి. వెనక గదిలో మామూలుదాన్ని పట్టుకోండి. చాలామంది ఫోన్లు అటుదిటు ఇటుదటు పట్టుకుని అవస్థ పడుతున్నాయి.

తరంగాలకు అడ్డమేమిటి? చెక్క తలుపు పెద్ద అడ్డం కాదు. ఇటుక గోడ అడ్డమే. కాంక్రీటు స్లాబు, అందులోని ఇనుప ఊచలు, ఇంకా పెద్ద అడ్డం. అందుకే కింద రూటర్ ఉంటే మేడ మీద గదిలో చదువుకునే పిల్లకు అందదు. ఇనుప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, ఇవి తరంగాన్ని వెనక్కి తిప్పుతాయి. నీళ్ళు దాన్ని మింగేస్తాయి. నీళ్ళ డ్రమ్ముల పక్కన, అక్వేరియం వెనకాల రూటర్ పెట్టినవాళ్ళున్నారు. మైక్రోవేవ్ పొయ్యి కూడా సుమారు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కనుక, అది తిరుగుతున్నంతసేపూ పక్కన ఉన్న ఫోన్లో మాట తెగుతుంది. ఇప్పుడు మన వంటగదిని తలుచుకోండి. మధ్యలో రెండు గోడలు, గోడకానుకుని ఫ్రిజ్, పక్కన నీళ్ళ ఫిల్టరు, బిందెలు, స్టీలు సామాన్ల స్టాండు. సిగ్నల్‌కి ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన గదిలో మనం నిలబడి ఉన్నాం!

కాబట్టి మొదటి మందు, డబ్బు ఖర్చు లేనిది, రూటర్‌ని కదిలించడం. ఇంటికి నడుమన, ఎత్తున, బయటికి కనిపించేటట్టు ఉండాలి. షోకేసు అద్దాల్లో కాదు, టీవీ వెనక కాదు, నేల మీద కాదు, తుడుపు గుడ్డ తగలకుండా మూల దాచినచోట కాదు. హాలుకీ వంటగదికీ మధ్య గుమ్మం పైన సజ్జ ఉంటే అది మంచి చోటు. పైకి యాంటెన్నాలున్న రూటర్ అయితే వాటిని నిలువుగా పెడితే సిగ్నల్ పక్కలకు పోతుంది. మేడ మీదికి కూడా కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచి చూడండి. మూసిన అరలో పెడితే వేడెక్కి కూడా నెమ్మదిస్తుంది. అందంగా లేదని అత్తగారు అనవచ్చు. ఆమె కూడా సాయంత్రం దుబాయిలో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడేటప్పుడు బొమ్మ ఆగకుండా ఉండడం చూస్తే ఒప్పుకుంటారు.

ఫైబర్ లైను ఉన్న ఇళ్ళలో ఒక జాగ్రత్త. ఆ సన్నటి తీగలో ఉండేది రాగి కాదు, గాజు. కరెంటు వైరులాగా మడిచి మేకు కొడితే లోపల వెలుగు ఆగిపోతుంది. డబ్బా మీద ఎర్ర దీపం వెలిగిందంటే చాలాసార్లు కారణం అదే. దాన్ని మనం లాగి కదిలించకూడదు, లైను అబ్బాయినే పిలిచి పొడిగించమనాలి. లేదంటే ఫైబర్ డబ్బాని ఉన్నచోటే ఉంచి, అక్కడి నుంచి మామూలు నెట్‌వర్క్ కేబుల్ ఒకటి వెనక గదికి లాగి, దాని చివర రెండో రూటర్ పెట్టుకోవచ్చు. దీని సంగతి మళ్ళీ చెప్తాను. అన్నిటికన్నా ముఖ్యం, కొత్తగా లైను వేయించేరోజు మీరు ఇంట్లో ఉండండి. “ఎక్కడ పెట్టాలి?” అనే ప్రశ్నకు జవాబు మీరు చెప్పండి.

ఇక్కడ ఒక మాట కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్ళలో దీనివల్లే గొడవలు. గాల్లో ఒక ఛానల్ మీద ఒకసారికి ఒకరే మాట్లాడగలరు. మిగతావాళ్ళు వరసలో నిలబడాలి, రేషన్ షాపు దగ్గర నిలబడినట్టు. దూరంగా ఉన్న ఫోన్‌కి సరిగా వినపడదు కనుక దానితో నెమ్మదిగా మాట్లాడాలి, చెప్పిందే మళ్ళీ చెప్పాలి. దానికి కౌంటరు దగ్గర ఎక్కువసేపు పడుతుంది. దాని వెనక నిలబడ్డవాళ్ళు, డబ్బా పక్కనే ఉన్నవాళ్ళు కూడా, ఆలస్యమవుతారు. ఒక్క నెమ్మది పరికరం మొత్తం ఇంటి వేగాన్ని కిందికి లాగుతుందని ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు 2003లోనే చూపించారు. అందుకే హాల్లో ఆట ఆడుకుంటున్న కుర్రవాడు అరుస్తాడు, “అమ్మా, నువ్వు నెట్టు ఆపెయ్, నాది స్లో అవుతోంది” అని. వాడు చెప్పింది ఒక రకంగా నిజమే. కానీ అమ్మ ఎక్కువ వాడి కాదు, ఆమెను దూరంలో పెట్టడం వల్ల! దూరంగా ఉంచినవాళ్ళనే భారమని నిందించడం మనకు కొత్త అనుభవం కాదు. ఈమధ్య కొన్ని రూటర్లలో అందరికీ సమాన కాలం పంచే ఏర్పాటు వచ్చింది. దాంతో కుర్రవాడి ఇబ్బంది తీరుతుంది. అమ్మకు మాత్రం అదే కాలంలో ఇంకా తక్కువ పని అవుతుంది. సమానంగా పంచినా ఫలితం సమానం కాలేదు. ఆమె ఉన్నచోటికి సిగ్నల్ చేర్చడం ఒక్కటే దారి.

అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకు ఇంకో బాధ. 2.4 పట్టీలో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్ళు మూడే. 1, 6, 11. ఇరవై ఇళ్ళ రూటర్లు ఆ మూడింటి మీదే కిక్కిరిసి ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసుకుంటే ఏ ఛానల్ మీద ఎంత రద్దీ ఉందో కనిపిస్తుంది. మూడింట్లో తక్కువ రద్దీ ఉన్నదానికి మారాలి. 3, 4 ఖాళీగా కనిపించాయని వాటిలోకి పోవద్దు. అటు 1, ఇటు 6, రెండువైపుల గోలా మనమీదే పడుతుంది. వెడల్పు 40 అని ఉంటే 20కి తగ్గించండి. అదే యాప్ సిగ్నల్ బలాన్ని మైనస్ అంకెల్లో చూపిస్తుంది. మైనస్ 50 దగ్గరుంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్‌కి సరిపోతుంది. మైనస్ 80కి పోతే ఆ చోట పని జరగదు. ఇల్లంతా తిరిగి ఒక్కో గది అంకె రాయండి. ఆ కాగితం ఇంట్లో అందరి ముందూ పెట్టండి. మాటలతో జరగని వాదన అంకెలతో జరుగుతుంది.

ఇంకో చిక్కు. మనం చూసేటప్పుడు నెట్టు లోపలికి వస్తుంది. వీడియోలో మాట్లాడేటప్పుడు, పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించేటప్పుడు బయటికి వెళ్ళాలి. ఎవరి ఫోనైనా పెళ్ళి వీడియోలన్నిటినీ వెనకాల చడీచప్పుడు లేకుండా పైకి పంపుతుంటే, వాకిట్లో కెమెరా రోజంతా బొమ్మ పంపుతుంటే, బయటికి వెళ్ళే దారి నిండిపోతుంది. కొలిచేటప్పుడు అప్‌లోడ్ అంకె కూడా చూడమనేది ఇందుకే. ఫోటోల బ్యాకప్‌ని రాత్రి అందరూ పడుకున్నాక జరిగేట్టు పెట్టుకోమని ఇంట్లోవాళ్ళకు చెప్పండి.

ఇవన్నీ చేశాక కూడా వెనక గదికి అందకపోతే అప్పుడు డబ్బు ఖర్చు గురించి ఆలోచించాలి. దుకాణంలో మొదట చేతిలో పెట్టేది గోడకు గుచ్చే ఎక్స్‌టెండర్. చవక రకాలు విన్నదాన్నే అదే గాలిలో మళ్ళీ చెప్తాయి కనుక వేగం సుమారు సగానికి పడిపోతుంది. అదీ సిగ్నల్ లేని గదిలో పెడితే లేనిదాన్నే రెట్టింపు చేస్తుంది. పెట్టదలిస్తే సగం దారిలో పెట్టాలి. మెష్ అని అమ్మేవి దీనికన్నా మేలు, ఖరీదూ ఎక్కువే. నా ఓటు మాత్రం కేబుల్‌కే. కేటగిరీ 5ఈ అనే మామూలు తీగ వంద మీటర్ల దాకా ఒక గిగాబిట్ మోస్తుంది. గోడలూ ఫ్రిజ్‌లూ దాన్ని ఆపవు. పాత రూటర్ ఒకటి ఇంట్లో మూల పడి ఉంటే, దాన్ని యాక్సెస్ పాయింట్‌గా మార్చి ఆ తీగ చివర పెట్టండి. గోడ వెంట తీగ కనిపిస్తుందని ఇంట్లో అభ్యంతరం రావచ్చు. ఏసీ పైపు కనిపించినప్పుడు రాని అభ్యంతరం ఇప్పుడెందుకని అడగండి.

ఇక తాళంచెవి సంగతి. ఇక్కడి నుంచి మనం హక్కుల విషయంలోకి అడుగుపెడుతున్నాం.

రూటర్‌కి రెండు పాస్‌వర్డులుంటాయి. ఒకటి నెట్టు పట్టుకోవడానికి, ఇది అందరికీ చెప్తారు. రెండోది రూటర్ లోపలికి వెళ్ళడానికి. డబ్బాని తిరగేస్తే కింద స్టిక్కర్ మీద ఉంటుంది, దానితో పాటు 192.168 అని మొదలయ్యే చిరునామా. ఈ రెండోది ఎవరి దగ్గరుంటే వాళ్ళు ఏ ఫోను ఎప్పుడు పట్టుకుందో చూడవచ్చు, ఏ ఫోనుకైనా నెట్టు ఆపవచ్చు, రాత్రి తొమ్మిది తర్వాత ఫలానా ఫోనుకి రాకూడదని గంటలు పెట్టవచ్చు. పిల్లల కోసమని పెట్టిన ఈ ఏర్పాటుని భార్యల మీద, ఇంటర్ చదివే కూతుళ్ళ మీద వాడుతున్న ఇళ్ళు మన దృష్టికి వస్తున్నాయి. ఆమెకు అది శిక్ష అని కూడా తెలియదు. నెట్టు సరిగా రావడం లేదనుకుంటుంది. “మా ఇంట్లో నాకొక్కదానికే స్లో” అని ఎవరైనా అంటే నవ్వేసి వదిలెయ్యకండి.

ఆడపిల్లల హాస్టల్‌లో ఇదే జరిగితే కోర్టు ఏమందో చూడండి. కేరళలో కోజికోడ్ దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా అమ్మాయిలు ఫోన్ వాడకూడదన్నారు. ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఫహీమా షిరిన్ కేసుగా పేరుపడిన ఈ వివాదంలో 2019 సెప్టెంబర్ 19న జస్టిస్ పి.వి. ఆశ తీర్పు చెప్పారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, 21వ అధికరణం కింద వ్యక్తిగత గోప్యత హక్కులో భాగమన్నారు. అమ్మాయిని మళ్ళీ చేర్చుకోమన్నారు. 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్ ద్వారా భావప్రకటన చెయ్యడానికి, వృత్తి వ్యాపారాలు సాగించడానికి రాజ్యాంగ రక్షణ ఉందని చెప్పింది. ఇంటర్నెట్ పొందడమే ప్రాథమిక హక్కు అని మాత్రం అనలేదు. ఈ తేడాని మనం మరిచిపోకూడదు, సభల్లో ఎక్కువ చేసి చెప్పకూడదు.

ఇంటి లోపలికి వచ్చేసరికి మనకు దగ్గరగా ఉన్న ఆయుధం 2005 గృహహింస చట్టం. అందులో మూడో సెక్షన్ ఆర్థిక హింసను వివరిస్తూ, కుటుంబ సంబంధం వల్ల ఆమె అనుభవించదగిన వనరులను, సౌకర్యాలను అందకుండా ఆపడాన్ని, పరిమితం చెయ్యడాన్ని కూడా చేర్చింది. ఇంట్లో అందరికీ ఉన్న నెట్టు ఆ సౌకర్యాల్లో ఒకటని నా వాదన. దాని మీద ఆమె జీతం, ఆమె చదువు ఆధారపడి ఉన్నప్పుడు మరీను. పిటిషన్ రాసే లాయరు మిత్రులు ఈ ఒక్క వాక్యం చేర్చి చూడాలని కోరుతున్నాను.

అయితే ఒక హెచ్చరిక, దీన్ని తప్పకుండా రాసుకోండి. కొట్టే మనిషి ఉన్న ఇంట్లోకి వెళ్ళి ఉత్సాహంగా రూటర్ పాస్‌వర్డ్ మార్చెయ్యకండి. రూటర్ జాబితాలో కొత్త ఫోను కనిపిస్తే, పాస్‌వర్డ్ మారితే అతనికి తెలుస్తుంది. ఆ కోపం మీ మీద పడదు, ఆమె మీద పడుతుంది. ముందు ఆమెను అడగండి, ఏం జరుగుతుందో ఆమెకే బాగా తెలుసు. రూటర్ లోంచి సాధారణంగా చూడగలిగేది ఏ సైటుకి ఎప్పుడు వెళ్ళారన్నది. వాట్సాప్‌లో ఏం రాశారన్నది అందులోంచి కనపడదు. అతనికి ఆమె మాటలు కూడా తెలిసిపోతున్నాయంటే జబ్బు రూటర్‌లో లేదు, ఫోన్లోనే ఉంది. అలాంటప్పుడు సాయం కోసం ఇంటి నెట్టూ, ఆ ఫోనూ రెండూ వద్దు. పక్కింటి ఫోన్ నుంచి 181కి చెయ్యడం మేలు.

అలాంటి ప్రమాదం లేని మామూలు ఇళ్ళలో రెండో పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, అందులో ఒకరు ఇంటి ఆడమనిషి కావాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ‘అడ్మిన్’ అనే పాస్‌వర్డ్‌ని అలాగే వదిలెయ్యకూడదు. పక్కింటివాళ్ళు ఊరికే వాడుతుంటే కూడా వేగం తగ్గుతుంది కనుక, జాబితా తెరిచి మనకు తెలియని పరికరాలున్నాయేమో నెలకోసారి చూడాలి. సాధ్యమైతే కనెక్షన్ మన పేరున తీసుకోవాలి. 1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు మహిళల పేర ఇచ్చారు. అంతకుముందు అది ఎవరికీ తోచని సంగతి. పేరు మనదైతే ఫిర్యాదు చేసేదీ మనమే అవుతాం. “సార్ని ఫోన్ చెయ్యమనండి మేడమ్” అనే మాట వినక్కర్లేదు.

ఫిర్యాదు గురించి క్లుప్తంగా చెప్తాను. రూటర్ పక్కన, వైరుతో కొలిచినా తక్కువ వస్తుంటే కంపెనీకి ఫోన్ చేసి డాకెట్ నంబరు తీసుకోండి. నంబరు ఇవ్వకపోతే అది ఫిర్యాదే కాదు. నెల డేటా పరిమితి దాటిందేమో ముందు చూసుకోండి. దాటితే వేగం తగ్గిస్తామని ప్లాన్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాళ్ళ జవాబు నచ్చకపోతే ఆ కంపెనీలోనే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, ఖర్చు లేకుండా అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్. టెలికాం తగాదాలు అక్కడ చెల్లవని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. పొద్దునా రాత్రీ రాసుకున్న ఆ కాగితం అక్కడ సాక్ష్యమవుతుంది.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. భోజనాల తర్వాత వెనక గదిలో రెండు పాత రూటర్లు, ఒక చుట్ట కేబులు పెట్టి ఉంచాం. చిన్న బృందాలుగా రండి. ముందు డబ్బా తిరగేసి స్టిక్కర్ చదువుదాం. తర్వాత ఈ భవనంలోనే గది గదికీ తిరిగి అంకెలు రాద్దాం. వంట చేస్తున్న అక్కలు కూడా రావాలి. వాళ్ళ గదిలో ఎంత వస్తోందో వాళ్ళే కొలిచి చెప్తారు.